ఎడమచేతి మడత

చొక్కా వీపు మీద నీళ్ళు చిలకరించి ఇస్త్రీపెట్టె ఆనించగానే బుస్సుమని ఆవిరి లేచింది. కుట్టుషాపులో అందరూ ఆమెను ఇస్త్రీ అక్క అంటారు. పెళ్ళైన కొత్తలో ఆ బల్ల ముందు నిలబడింది, ఇప్పటికీ అక్కడే ఉంది. అవతలి బల్ల మీద గుడ్డ కత్తిరించే మాస్టరు ఆమె మొగుడే. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టుండే ఆ మనిషి ఇవాళ పొద్దున్నించీ ఒకటే వాగుడు.

"రేపు పొద్దున్నే బస్సు. ఆ కొండమీది రిసార్టులో వేణ్ణీళ్ళ తొట్లో కూర్చోబెడతారట. తర్వాత ఒళ్ళంతా నూనె రాసి మర్దన. నీకు ఆడవాళ్ళే చేస్తారులే, కంగారుపడకు."

కాజాలు కుట్టే పిన్ని కిసుక్కున నవ్వింది. "మాస్టరూ, ఆ నూనె కాస్త మీ కత్తెరక్కూడా రాయించుకు రండి. కిర్రుకిర్రుమంటోంది."

అందరితోపాటు ఆమె కూడా నవ్వింది గానీ, కుడి మోచేతిని ఒంటికి దగ్గరగా నొక్కుకుంది. కుడి చంక కింద గడ్డ ఉంది. మొదట చొక్కా గుండీ అంత ఉండేది, ఇప్పుడు కోటు గుండీ అంతైంది. చెయ్యెత్తితే లోపల లాగుతుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం. అమ్మ ఇలాంటి గడ్డతోనే పోయింది. అమ్మ ఆ సంగతి బయటపెట్టిన రోజు నుంచే ఇంట్లో అందరూ గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టారు. ఇన్నాళ్ళూ రవిక దాచింది. రేపు పరాయి చెయ్యి తడిమి, "ఏంటమ్మా ఇది?" అంటే?

మధ్యాహ్నం మెల్లిగా కదిపి చూసింది. "ఏవండీ, వచ్చే నెల వెళ్దామా? ఇస్త్రీ చెయ్యాల్సిన కోట్లు మిగిలిపోయాయి."

"కోట్లెక్కడికీ పారిపోవు. గది కూడా చెప్పేశాను."

ఆమె ఎడంచేత్తో ఇంకో కోటు బల్ల మీదికి లాక్కుంది.

సాయంత్రం అందరూ వెళ్ళాక ఆమె చేతులు కడుక్కుని వచ్చేసరికి, మాస్టరు ఆమె మడిచిన చొక్కాలు విప్పి మళ్ళీ మడుస్తున్నాడు.

"అదేంటండీ?"

దొరికిపోయిన దొంగలా తలొంచుకున్నాడు. "నువ్వీమధ్య ఎడంచేత్తో చేస్తున్నావుగా, మడత తిరగబడుతోంది. పెట్టె తోసి తోసి నీ చెయ్యి అరిగిపోయిందనుకున్నా. అందుకే ఈ కొండా, నూనే."

రోజూ ఇదే పని చేస్తున్నాడన్నమాట, పల్లెత్తు మాట అనకుండా. ఆమెకు ఏడుపొచ్చింది. అతని చెయ్యి పట్టుకుని చంక కింద పెట్టుకుంది.

"చెయ్యి కాదండీ. ఇది."

గుడ్డలో పోగు తేడా ఉంటే పట్టేసే వేళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"నాతో చెప్పలేదేమే?"

"భయమేసింది."

"నాకూ వేస్తోంది," అన్నాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు.

మర్నాడు కొండ బస్సు వాళ్ళు లేకుండానే కదిలింది. వాళ్ళు దాని పక్కనే ఆగిన, ఆస్పత్రికి వెళ్ళే బస్సెక్కి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. షాపులో, మాస్టరు బల్ల కింద, రిసార్టులో వేసుకుంటుందని ఆమెకు చెప్పకుండా కొన్న నీలం రబ్బరు చెప్పులు, రెండింటినీ కలిపి కట్టిన దారం తెంపకుండానే ఉండిపోయాయి.