ఏడు రోజుల పల్లీలు

ఆదివారం మధ్యాహ్నం అక్క వాళ్ళింట్లో భోజనాల బల్ల మీదే ఆట. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు అందులో పాత్రలవుతారు, గెలుపో ఓటమో తేలనిచోట ఇరవై ముఖాల పాచిక తీర్పు చెబుతుంది. రెండేళ్ళుగా కథ నడిపే కుర్చీ బావది. ఈ వారం మొదటిసారి అందులో మరదలు కూర్చుంది. ఆట రక్తి కట్టకపోతే కుర్చీ మళ్ళీ బావకే అని ముందే ఒప్పందం.

ఆమె ఆసుపత్రిలో స్టోర్‌కీపరు. లెక్క రాస్తే చాలదు, వస్తువు చేతికి అందితేనే ఇచ్చినట్టు అన్నది అక్కడి పద్ధతి. ఆటలోకీ దాన్నే తెచ్చింది. మంచుకొండ చుట్టి వెళ్ళే దారి ఏడు రోజులు. ఆడేది అక్క, బావ, పక్కింటి బస్సు డ్రైవరు; ఒక్కొక్కరి ముందు గిన్నెలో ఏడు పల్లీలు. కథలో ఒక రోజు గడిస్తే ఒక పల్లీ నిజంగానే తినాలి. గిన్నె ఖాళీ అయితే పస్తే.

“తిండి లెక్కలేంటి మరదలా? రాక్షసుణ్ణి పంపు, నరికి పారేస్తా” అన్నాడు బావ.

“ముందు కొండ దాటండి బావా. రాక్షసుడు ఎక్కడికీ పోడు.”

డ్రైవరు కిసుక్కున నవ్వాడు.

కథలో రెండో రోజు మంచుతుఫాను. ఆగాలా, నడవాలా అని ముగ్గురూ వాదులాటకు దిగారు. బావ గొంతు అందరికంటే పెద్దది. ఉన్నట్టుండి అక్క, “ఏమండీ, మీ గిన్నె చూసుకున్నారా?” అంది.

గిన్నె ఖాళీ. బావ దవడ ఇంకా ఆడుతూనే ఉంది.

“మాటల్లో పడి నమిలేశాను! ఈ బల్ల దగ్గర కూర్చుంటే నాకు అలవాటే కదా. ఇంకో గుప్పెడు పోయ్, డబ్బా నీ పక్కనే ఉంది.”

పోస్తే గొడవ లేదు. కానీ ఆ తర్వాత ఏ గిన్నెకీ విలువుండదు. ఆమె డబ్బా మూత బిగించింది.

“మీ యోధుడు ఏడు రోజుల తిండి రెండు రోజుల్లో లాగించేశాడు. కొండ మీద అంగడి లేదు బావా.”

“ఆటే కదే!”

“ఆటే. అందుకే పొయ్యను.”

ఇక కుర్చీ పోయినట్టే అనిపించినా ఆమె చెయ్యి మూత మీంచి కదల్లేదు.

డ్రైవరు తన గిన్నెను మధ్యలోకి జరిపాడు. “నావి ఐదున్నాయి, అక్కవి ఐదు. ముగ్గురికి మూడు రోజులొస్తాయి. కావాల్సింది ఐదు రోజులకి.”

బావ తల గోక్కున్నాడు. “దగ్గరి దారి ఏదైనా ఉందా?”

“గడ్డకట్టిన నది మీదుగా అయితే మూడు రోజులే. కానీ మీ ఇనుప కవచం బరువుకు మంచు పగులుతుంది.”

ఆ కవచం రెండేళ్ళ ఆటలో సంపాదించుకున్నది. బావ దాని బొమ్మ కార్డును కాసేపు చూసి, బల్ల అంచున బోర్లా పెట్టాడు.

“ఇక్కడే వదిలేస్తున్నా. పాచిక ఇవ్వు.”

పన్నెండు దాటాలి. పదిహేడు పడింది. డ్రైవరు లేచి నిలబడి మరీ ఈల వేశాడు.

అవతలి ఒడ్డు చేరేసరికి మిగిలింది ఒక్క పల్లీ. రాక్షసుడి ఊసు ఎవరూ ఎత్తలేదు. బావ ఆ పల్లీ జోలికి పోకుండా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

“వచ్చేవారమూ నువ్వే నడుపు. నా గిన్నె మాత్రం మీ అక్క దగ్గర పెట్టు.”