మామగారి గ్లాసులో నురగ

మామగారి ఎనభయ్యో పుట్టినరోజుకి బీరు పట్టే పని చిన్నల్లుడికి అప్పజెప్పారని తెలిసిన దగ్గర్నుంచి ఓటకర్‌కి కడుపు ఒకటే మంట. ఆ ఇంటికి పెద్దల్లుడై వచ్చిన నాటినుంచీ ప్రతి పండక్కీ పీపా తెరిచింది తనే, గ్లాసులు నింపింది తనే. నిన్నగాక మొన్నొచ్చిన రాదిమ్ ఏం చేశాడట? పాత ఫ్రిజ్జు తలుపుకి చిల్లి పొడిచి కుళాయి బిగించాడు. లోపల పీపా, పక్కన గ్యాసు బుడ్డి. అంతే! ఇక ప్లజెన్ ఊరి చుట్టుపక్కల ఇంకెవరికీ బీరు పట్టడమే రానట్టు ఇంటిల్లిపాదీ వాడి భజన.

"గొట్టం వారం వారం కడుగుతాడట," అంది భార్య జ్దెన. "గ్యాసు కూడా ఎంత కావాలో అంతే వదుల్తాడట. నురగ మీగడలా నిలుస్తుంది."

"మీగడ కావాలంటే ఆవుని కట్టుకోవాల్సింది."

"ఎద్దుని కట్టుకున్నానుగా, ఇప్పుడనుకుని ఏం లాభం?" అంది జ్దెన.

మామగారు బొహుస్లావ్ బతుకంతా పబ్బులో కుళాయి దగ్గర నిలబడ్డ మనిషి. ఆయన ఒక్క గుటక వేసి తలాడిస్తే ఓటకర్‌కి ఏడాదంతా కడుపు నిండినట్టుండేది. ఆ తలాడింపు ఈసారి రాదిమ్ గాడికి పోతుంది. అదీ అసలు బాధ.

పుట్టినరోజు నాడు రాదిమ్ ఇంట్లో ఓటకర్‌కి దక్కిన పని, వేయించిన బాతుల్ని ముక్కలు కొయ్యడం. మోచేతుల దాకా కొవ్వు. ఎదురుగా కడిగి బోర్లించిన గ్లాసులు, వాటి మధ్య పిడి ఉన్న మామగారి సొంత గ్లాసు. జిడ్డు తగిలితే ఎంత గొప్ప బీరుకైనా నురగ చచ్చిపోతుందని ఓటకర్‌కి తెలియంది కాదు. పట్టే ముందు రాదిమ్ చన్నీళ్ళలో జాడిస్తాడు సరే, చన్నీళ్ళకి కొవ్వు వదుల్తుందా? చుట్టూ చూశాడు. బొటనవేలు మామగారి గ్లాసు లోపలంతా ఒక్కసారి తిప్పి, ఏమీ ఎరగనట్టు బాతు దగ్గరికొచ్చాడు.

అందరి గ్లాసుల్లోనూ తెల్లగా, చిక్కగా నురగ నిలిచింది. మామగారి గ్లాసులో మాత్రం లేచినట్టే లేచి చప్పున కూలిపోయింది. రాదిమ్ ముఖం పాలిపోయింది.

"మామయ్యగారూ... పొద్దున బాగానే వచ్చిందండీ..."

"ఫ్రిజ్జులో పాలు పెట్టుకోవాలి తమ్ముడూ, బీరు కాదు!" అని పకపకా నవ్వాడు ఓటకర్. అబ్బ, ఎంత హాయిగా ఉందో ప్రాణానికి!

ముసలాయన నవ్వలేదు. పక్కవాళ్ళ గ్లాసులు చూశాడు. తన గ్లాసు అంచు లోపల వేలితో రాసి వాసన చూసుకున్నాడు. తర్వాత ఓటకర్ చేతులకేసి ఒక్కసారి చూశాడు. ఓటకర్ నవ్వు ఆపేశాడు.

"తప్పు బీరుది కాదురా రాదిమ్, గ్లాసుది," అని లేచి వెళ్ళి, వేణ్ణీళ్ళతో, వంటసోడాతో ఆ గ్లాసు స్వయంగా తోముకొచ్చాడాయన. "ఊఁ, ఇప్పుడు పట్టు. నాకొకటి, మీ అన్నయ్యకొకటి."

ఈసారి నురగ మీగడే.

బొహుస్లావ్ తన పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ లాగాడు. పొద్దున్నుంచీ ఎవర్నీ కూర్చోనివ్వని కుర్చీ అది. ఓటకర్ కూర్చున్నాక చెవి దగ్గరికి వంగాడు.

"ఇన్నేళ్ళూ నువ్వు పట్టావు, మేం తాగాం. అందరికీ పట్టి నువ్వు కూర్చునేసరికి పీపా అడుగున మిగిలిందే నీకు. ఒక్కసారైనా నా పక్కన కూర్చుని తాజాది తాగుతావని, నేనే కుళాయి వాడికివ్వమన్నాను."

"మామయ్యగారూ..."

"నురగ పోకముందే తాగు అల్లుడూ."

ఓటకర్ చెయ్యి చాపాడు. వేళ్ళకి ఇంకా బాతు కొవ్వు మెరుస్తోంది. గ్లాసు ముట్టుకోకుండానే ఆ చేతిని బల్లకిందికి లాక్కున్నాడు.