గోడ మీద తమ్ముడు

పొద్దున్నే లేచి వర్దియా చేసే పనులు మూడు. కోళ్ళగూడు తలుపు తీయడం, వేయించిన నువ్వులు తిరగలిలో పోయడం, గోడ మీదున్న తమ్ముడి నీడకు వీపు తిప్పి కూర్చోవడం. మూడోది అన్నిటికంటే శ్రద్ధగా చేస్తుంది.

గోడ మీదున్నది నీడ మాత్రమే. మనిషి దహోక్ పట్నంలో ఉన్నాడు.

వాళ్ళ ఊరు తెల్ మర్గాలో ఇదేం వింత కాదు. తుపాకులవాళ్ళు వస్తున్నారని తెలిసిన ఆ ఆగస్టు రాత్రి, దీపమైనా వెలిగించకుండా ఊరంతా పారిపోయింది. చీకట్లో బయల్దేరినవాళ్ళు నీడ వెంట వస్తోందో లేదో ఏం చూసుకుంటారు? తెల్లారి దహోక్ చర్చి ఆవరణలో కూలబడ్డాక చూసుకుంటే ఒక్కరికీ లేదు. ఏళ్ళు గడిచి ఊరికి తిరిగొస్తే, ఎవరి నీడలు వాళ్ళ ఇళ్ళలోనే ఉన్నాయి, కాస్త దుమ్ము పట్టి. ఎవరివి వాళ్ళు తొడుక్కున్నారు. చర్చిలో పాటలు పాడే డీకన్ తోమికా మాత్రం తొందరలో బావమరిది నీడ తొడుక్కున్నాడని అంటారు. ఆయన తిన్నగా నడుస్తాడు, నీడ కుంటుతుంది. అడిగితే నేల బాగాలేదంటాడు.

వర్దియా తమ్ముడు ఓరాహా ఒక్కడే తిరిగి రాలేదు. వచ్చే మొహం లేదు. ఆ రాత్రి ఇంట్లో మోటారు బండి ఉన్నది వాడి దగ్గరే. ఎండాకాలం కాబట్టి తల్లి కాతో అందరిలాగే మేడమీద పడుకుని ఉంది. ఆవిడకి మోకాళ్ళు పనిచేయవు, దింపాలంటే ఆలస్యమవుతుంది. పక్కింటి పిల్లల్ని ముందు ఎక్కించుకుని, "మళ్ళీ వస్తానమ్మా" అని కిందనుంచే అరిచి వెళ్ళాడు. వచ్చాడు కూడా, సగం దారి. కాల్పుల మోత వినగానే బండి తిప్పేశాడు. అదే దారిన, అదే సమయానికి ఒక గాడిదబండి క్షేమంగా దాటిందని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ గాడిద పేరు కూడా తెలుసు.

కాతో అక్కడే పోయింది. ఊళ్ళో మిగిలిపోయిన ముసలి బోయా ఆవిణ్ణి ఇంటి వాకిట్లోనే పాతిపెట్టాడు. అప్పటికి దహోక్‌లో కాపురం చేస్తున్న వర్దియా, భర్త పోయాక పుట్టింటికి వచ్చి చూస్తే, వాకిట్లో తల్లి సమాధి ఉంది, తిరగలి గదిలో తమ్ముడి నీడ ఉంది. ఆ గదిలోకి ఎండ రాదు. అయినా నీడ ఉంది. దాని తల ఎప్పుడూ మేడమెట్ల వైపు తిరిగి ఉంటుంది. అది పడ్డచోట గోడ, పక్కనే పొయ్యి మండుతున్నా, బావిలో రాయిలా చల్లగా ఉంటుంది. కోళ్ళు దాన్ని తొక్కవు, చుట్టూ తిరిగి పోతాయి. ఇరుగుపొరుగు మాత్రం లోపలికి రాగానే "బాగున్నావా ఓరాహా" అని గోడను పలకరించి, తర్వాత వర్దియాను పలకరిస్తారు. అది ఆవిడకి నచ్చదు.

ఫిబ్రవరిలో నీనెవె ఉపవాసం వచ్చింది. యోనా ప్రవక్త హెచ్చరిస్తే రాజు మొదలు పశువుల దాకా పస్తుండి, బూడిదలో కూర్చుని, దేవుడిచేత క్షమించబడ్డ నీనెవె జనం తమ ముత్తాతలేనని తెల్ మర్గా వాళ్ళకు మహా గొప్ప. తప్పు ఒప్పుకుని లోకమంతా పేరు తెచ్చుకున్న వంశం ఇది. ఆ తర్వాత ఈ ఊళ్ళో ఎవరూ ఏ తప్పూ ఒప్పుకున్న దాఖలా లేదు. మూడు రోజులు ఎవరూ ఏమీ ముట్టరు. మొదటిరోజు కోళ్ళకీ గింజలు వేయరు. కోళ్ళు గోల చేస్తాయి, వాటికి వంశం మీద పట్టింపు తక్కువ.

ఆ ఏడు నీడ కూడా పస్తు ఉంది. మొదటి సాయంత్రానికి భుజాలు కుంగాయి. రెండోరోజుకి కోడిపుంజంత అయింది.

ఆ మధ్యాహ్నమే దహోక్ మినీబస్సు నడిపే జయ్యా గుమ్మంలో నిలబడ్డాడు.

"వర్దియక్కా, మీ తమ్ముణ్ణి చూసొచ్చాను."

"చూడమని నేను పంపానా?"

"పంపలేదులే. మంచం పట్టాడు. డాక్టర్లకి ఏ జబ్బూ దొరకలేదు. దుప్పటి బరువుగా ఉంది తియ్యమంటున్నాడు. పడుకుంటే పరుపు కూడా నొక్కుకోవడం లేదక్కా."

"పస్తుంటే ఎవరైనా తేలికవుతారు."

జయ్యా గోడ వైపు ఒకసారి చూసి, ఇంకేమీ అనకుండా పోయాడు. అనాల్సినదంతా సాయంత్రంలోపు ఊరంతా అన్నాడు. నీడ పోతే మనిషి పోతాడని, ముసురు పడితే బట్టలారవన్నట్టు అందరూ ఒప్పుకున్నారు. వర్దియా అటు చూడకుండా తిరగలిలో నువ్వులు విసిరింది. విసిరిన ముద్ద చల్లగా వచ్చింది.

మూడోరోజు పొద్దున బోయా ఖాళీ గిన్నె పట్టుకుని వచ్చాడు, ఉపవాసం విప్పేటప్పటికి నువ్వుల ముద్ద నింపి ఉంచమని. అందరూ పారిపోయిన రాత్రి తాను ధైర్యంగా నిలబడ్డానని బోయా చెప్పుకుంటాడు. వినబడే చెవి దిండుకేసి పడుకున్నాడని ఊరు చెప్పుకుంటుంది. ఆయన గోడ దగ్గర వంగి చూశాడు. నీడ జానెడు కూడా లేదు.

"ఇవాళతో అయిపోతుందమ్మాయ్."

"అవనీ. మా అమ్మ ఎండలో మాడి చచ్చింది. వీడు చీకట్లో చావనీ."

"మీ అమ్మ ఎండలో చచ్చిందని నీకెవరు చెప్పారు?"

వర్దియా తిరగలి ఆపింది.

"ఆగస్టు నెల, మేడమీద, దింపే దిక్కులేక. ఎవరో చెప్పాలా?"

"నేను దింపుతానన్నా. రానంది. కొడుకు వస్తానన్నాడు, దారి కనబడాలి, ఇక్కడే ఉంటానంది. నేను నీళ్ళు, రొట్టె పట్టుకెళ్ళేవాణ్ణి. ఇది మాత్రం," బోయా గోడ వైపు గడ్డం చూపించాడు, "పొద్దు పొడవకముందే మెట్లెక్కేది. పొద్దు ఎటు తిరిగితే అటు తిరిగి ఆవిడమీద పడి ఉండేది. పోయిన రోజు వరకూ ఆవిడ ఒంటిమీద ఎండ పడలేదు. ఆవిడ దీంతో మాట్లాడేది కూడా. వచ్చావా నాయనా, తిన్నావా నాయనా అని."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"వాడి పేరెత్తితే గరిటె విసురుతావు. ఒకసారి తగిలింది కూడా." గిన్నె అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

ఉపవాసపు చివరి ఆరాధనకి చర్చి నిండిపోయింది. కాషా ఇషో మంచి పూజారి. జనానికి ఆకలి గుర్తురాకూడదని ప్రసంగం పొడిగిస్తాడు, దాంతో ఆకలి తప్ప ఏమీ గుర్తుండదు. పాపాల్ని సముద్రం అడుగుకి విసిరేసే దేవుడి గురించి మీకా ప్రవక్త పలికినవి చదివాడు. యోనాను చదివాడు. పట్నాన్ని క్షమించినందుకు ప్రవక్త దేవుడి మీద అలిగి ఊరి బయట కూర్చోవడం, అలిగినవాడికే దేవుడు ఒక తీగ మొలిపించి నీడనివ్వడం. వర్దియాకు చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు. ఈసారి ఆ నీడ దగ్గరికి వచ్చేసరికి ఆవిడకి నోరు ఎండిపోయింది. పస్తు వల్లనే అనుకుంది.

తర్వాత సమాధానం, అంటే ప్రభువిచ్చే శాంతి, పంచారు. కాషా దాన్ని ప్రభువు బల్ల దగ్గర తీసుకుని డీకన్‌కి ఇస్తాడు. అక్కడినుంచి రెండు చేతుల మధ్య చేతులు పెట్టి ఒకరినుంచి ఒకరికి గుడి చివరిదాకా వెళ్తుంది. ఆడవాళ్ళ వరసలో చివర వర్దియా. ఆవిడ తర్వాత గోడ. ఓరాహా నీడ ఏటా ఈ ఆరాధనకి తిరగలి గది వదిలి ఆ గోడమీదికి వచ్చి నిలబడుతుంది. ఏటా సమాధానం వర్దియా దగ్గర ఆగిపోతుంది. ఆవిడ చేతులు శాలువాలో దాచుకుంటుంది.

పక్కనున్న నీమో ఆవిడ చేతులు పట్టుకుని, ముందుకి చూస్తూనే గొణిగింది. "మూసిపెట్టుకోవడానికి ఇది నీ నువ్వుల డబ్బా కాదే. సిలువెక్కినవాడి బల్లమీంచి వచ్చింది. నీకివ్వమన్నారు, ఉంచుకోమనలేదు."

వర్దియా గోడ వైపు తిరిగింది. నీడలో మిగిలినవి రెండు అరచేతులే. అవీ అంచులు చెదిరిపోతున్నాయి.

"వెధవా," అంది మెల్లగా. "బండి తిప్పేశావు కదరా."

అరచేతులు కదల్లేదు. వర్దియా తన రెండు చేతులూ తీసి వాటికి అటూ ఇటూ సున్నం గోడకి ఆనించింది. చలి మోచేతుల దాకా పాకింది. తీయలేదు. వేళ్ళ కింద గోడ నెమ్మదిగా, పడుకున్న మనిషి పక్క వెచ్చబడ్డట్టు, వెచ్చబడింది. చేతులు తీసి చూస్తే అక్కడ ఏమీ లేదు.

ఆ సాయంత్రం దహోక్ దారిలో గొర్రెలు వాటంతటవే రెండుగా చీలి దారిచ్చాయని కాపరులు చెప్పారు. దేనికిచ్చాయో వాళ్ళు అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున మొదటి ట్రిప్పులో జయ్యా బండి ఆగింది. ఓరాహా చిక్కిపోయాడు, గడ్డం నెరిసింది. నడిస్తే మాత్రం కంకర చప్పుడైంది. వాడి నీడ పొడుగ్గా ముందు నడిచి, తెరిచిన వీధి తలుపులోంచి వాకిట్లోకి వచ్చింది. వాడు గడప అవతలే ఆగిపోయాడు.

"అక్కా, నేను ఆ రాత్రి..."

"తెలుసు. ఊరందరికీ తెలుసు."

"లోపలికి రమ్మంటావా, ఇలాగే పొమ్మంటావా?"

వర్దియా సమాధి వైపు చూస్తోంది.

"అక్కడే ఉండు," అంది. "అమ్మమీద నీడ పడుతోంది. రొట్టె వేడిచేసి పిలుస్తాను, అప్పుడు రా."