పైకి తిప్పిన శ్రుతి

కురబలకోట వర్షిత గొంతెత్తి పాడితే మదనపల్లె టమాటా మార్కెట్లో వేలం ఆగిపోతుందట. ఈ సంగతి బడిలో అందరికీ చెప్పింది వర్షితే. మదనపల్లెలో కొత్తగా పెట్టిన పిల్లల బృందగానం జట్టులోకి తనను ఎప్పుడో తీసేసుకున్నారనీ, ఆడిషన్ అన్నది మిగతా పిల్లలు బాధపడకుండా జరిపే తంతు అనీ కూడా చెప్పింది. నమ్మనివాళ్ళతో మాట్లాడటం మానేసింది.

ఆదివారం పొద్దున ఆడిషన్‌కు పోతూ, గొంతు సవరించుకుందామని బస్సులోనే ఒక చరణం ఎత్తుకుంది. మార్కెట్ సంగతి దేవుడెరుగు, బస్సు కూడా ఆగలేదు. ముందు సీట్లో పెద్దాయన మాత్రం వెనక్కి తిరిగి, "ఎవురమ్మా ఆ బిడ్డను గిల్లింది?" అని అడిగాడు.

"ఎవురూ గిల్లలేదప్పా. పాడతా ఉండాది," అంది పక్కనున్న అవ్వ నారాయణమ్మ.

ఆయన లేచి బస్సులో చివరి సీట్లోకి పోయాడు.

ఆడిషన్ ఒక కల్యాణమండపం మేడ మీద, భోజనాల హాల్లో. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు ఊళ్ళ చుట్టుపక్కల పిల్లలతో జట్టు కడుతున్నది పుంగనూరు సంగీతం టీచరు వెంకటరత్నమ్మ. ఆమె నవ్వగా చూసినవాళ్ళు మూడు ఊళ్ళలోనూ లేరు. జట్టు నిండిపోయింది, ఒక్క చోటే మిగిలింది. దానికోసం వచ్చిన పిల్లలు పాడటం, మొహాలు వేలాడేసుకుని మెట్లు దిగడం జరుగుతోంది. చివరికి బెంచీ మీద మిగిలింది ఇద్దరు. వర్షిత, ఆ పక్కన నాన్నతో వచ్చిన ఇంకో పిల్ల. ఆ పిల్ల జడలు ఎంత బిగుతుగా ఉన్నాయంటే కనుబొమ్మలు నెత్తి మీదికి పోతున్నాయి. ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు గుటక గుటకగా తాగుతోంది.

"ఏ ఊరుమే?" అంది వర్షిత.

"కుప్పం. నా పేరు సింధూజ."

"పేరు అడగలేదులే. మీ ఊళ్ళో సగం మంది అరవం మాట్లాడతారంట గదా. తెలుగు పాటకు నోరు తిరగతాదా?"

"నీదే ఊరు?"

"కురబలకోట."

"ఆడ సగం మంది గొర్రెలంట గదా. నీకు పాటలు యాలమే? గమ్మున అరుచుకోరాదా?"

అవ్వకు ఒళ్ళు మండింది. సింధూజ నాన్న గోవిందరాజులు వైపు తిరిగి, "ఏమప్పా, బిడ్డకు మాటలు బాగానే నేర్పినావే," అంది.

"పాటలు గూడా నేర్పినాము లేమ్మా. ఇంగ కొంచేపుంటే ఇంటావు గదా," అన్నాడాయన.

అవ్వ తన సంచీని పొలం గట్టు రాయిలా బెంచీ మధ్యలో పెట్టింది. దాన్ని దాటి ఎవరూ ఎవరినీ చూడలేదు.

వర్షిత కళ్ళన్నీ బల్ల మీదున్న శ్రుతిపెట్టె మీద ఉన్నాయి. అది రేడియో అంత పెట్టె. మీట నొక్కితే ఒకటే మోత మోగుతూ ఉంటుంది. ఆ మోత ఎంత ఎత్తులో ఉంటే పాట అంత ఎత్తులో ఎత్తుకోవాలి. పొద్దుటి నుంచీ అందరికీ టీచరు దాన్ని నాలుగున్నర శ్రుతి దగ్గరే ఉంచింది. ఇందాక ఒక చిన్నపిల్లాడికి అందకపోతే మాత్రం అంకెల మధ్య ఉన్న మరను ఎడమకు తిప్పింది. మోత దిగింది, పిల్లాడి గొంతూ దిగింది. వాడు పోగానే మళ్ళీ నాలుగున్నరకు తెచ్చి పెట్టె ఆపేసింది.

అంతలో ఫోను మోగితే టీచరు వసారాలోకి పోయింది. సింధూజ పుక్కిలించడానికి నాన్నను వెంటబెట్టుకుని చేతులు కడిగే చోటికి పోయింది. అవ్వ కునుకు తీస్తోంది.

వర్షిత బల్ల దగ్గరికి నడిచింది. ఎడమకు తిప్పితే కిందికి దిగేది కుడికి తిప్పితే ఎక్కడికి పోతుందో తెలుసుకోవడానికి సంగీతం రానక్కర్లేదు. కొంచెమే తిప్పుదామనుకుంది. గొర్రెల మాట గుర్తొచ్చి ఇంకొంచెం తిప్పింది. మర ఆరున్నర దగ్గర నిలబడింది. సింధూజ గొంతు పగిలి, ఏడ్చుకుంటూ పోయాక, టీచరు కాళ్ళకు మొక్కే నెపంతో దాన్ని మళ్ళీ వెనక్కి తిప్పేయాలని ఆలోచన. ఇంత తెలివి ఒక్క మనిషికి ఇవ్వడం దేవుడికి న్యాయమేనా అని కూడా అనుకుంది.

అందరూ మళ్ళీ బెంచీ మీదికి చేరాక టీచరు వచ్చి మీట నొక్కింది. మోత మొదలవగానే ఆమె తల కాస్త పక్కకు వంగింది. పెట్టెను చూసింది, బెంచీని చూసింది.

"సింధూజా, ఎత్తుకో."

సింధూజ మొదటి మాటకు తడబడింది. వర్షిత నవ్వు ఆపుకోవడానికి బుగ్గలు కొరుక్కుంది. రెండో మాటకు ఆ గొంతు దారి చూసుకుంది. పైకి పోయింది, ఫ్యాను దాటింది, ఇంకా పోయి, అక్కడ కాసేపు కూర్చుని, నింపాదిగా కిందికి దిగింది. వసారాలో పావురాలు కూడా గమ్మునయ్యాయి. గోవిందరాజులు నోరు తెరిచి, "ఇంట్లో ఎప్పుడూ ఇంత పైన పాడలేదే," అన్నాడు.

"మీరు కింద పాడించి పాడు చేస్తాండారు. ఈ పిల్లకు ఇదే శ్రుతి," అంది టీచరు.

సింధూజ వెనక్కి వస్తూ వర్షిత చెవి దగ్గర, "పోమే, పోయి అరుచుకో," అని గుసగుసలాడింది.

వర్షిత టీచరు కాళ్ళకు మొక్కబోయింది. ఆమె అప్పటికే శ్రుతిపెట్టెను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసుకుంది.

"మొక్కులు చాలు. పాడు."

వర్షిత పాడింది. సగంలో గొంతు చిరిగిపోయింది.

"మేడమ్, గొంతులో దుమ్ము ఉండాది."

"నీళ్ళు తాగు."

తాగి మళ్ళీ ఎత్తుకుంది. ఈసారి ఇంకా ముందే చిరిగింది.

"బస్సులో గాలి కొట్టింది మేడమ్."

"యాడ గాలిమే?" మెలకువ వచ్చిన అవ్వ అందుకుంది. "కిటికీ నేనే మూస్తి గదా."

సింధూజ కిసుక్కుమంది. ఒకే ఒక్క చోటు, అది మెట్లు దిగి పోతున్నట్టు వర్షితకు కనబడుతోంది. రేపు బడిలో ఏ మొహం పెట్టుకోవాలి?

"మేడమ్, కొంచెం శ్రుతి తగ్గించండి. అందరికీ నాలుగున్నరలో పెట్టి నాకు మాత్రం ఆరున్నర పెడితే ఎట్ల?"

"ఆరున్నరా?" అంది టీచరు నెమ్మదిగా. "అంకెలు నా వైపుండాయి, చేతుల కింద ఉండాయి. నీకెట్ల తెలిసె?"

వర్షిత చేతులు రెండూ వీపు వెనక దాచుకుంది.

"మీట నొక్కంగానే నాకు తెలిసె. ఎవురు తిప్పినారో బయటపడాలని గమ్మునుండినా," అంటూ టీచరు పెట్టె ఆపేసింది. "ఆ చోటు సింధూజది."

అవ్వ తలకొట్టుకుంది. గోవిందరాజులు మాత్రం పట్టలేని సంతోషంలో ఉన్నాడు. "పోనీ లెండి మేడమ్. ఆ పాప తిప్పబట్టే గదా మా బిడ్డ గొంతు ఇంతని తెలిసింది? మంచికే చేసిందేమో. అంతేనామ్మా?"

తప్పించుకునే దారి వెడల్పుగా, తారు రోడ్డులా తెరుచుకుంది. వర్షిత తల ఊపబోయింది కూడా. అంతలో సింధూజ దగ్గరికి వచ్చి, నాన్న మోచేత్తో పొడిస్తే, చేదు మందు మింగుతున్నట్టు, "థ్యాంక్స్ మే," అంది.

అది మాత్రం వర్షిత తట్టుకోలేకపోయింది.

"నాకు థ్యాంక్స్ చెప్పొద్దు!" అని అరిచింది. "నీ మంచి కోసరం నేను యాల తిప్పుతానుమే? నీ గొంతు పగలాలనే తిప్పినా! నువ్వు ఏడ్చుకుంటా కుప్పం బస్సెక్కాల, ఆ చోటు నాకు రావాల. మీరు నన్ను ఎప్పుడో తీసేసుకున్నారని బళ్ళో అందరికీ చెప్పేసినా మేడమ్. అంతా అబద్ధం. తిప్పింది నేనే. కావాలనే తిప్పినా."