రావెన్‌బీ వారి గురువారం మనిషి

నాలుగో నంబరు బల్ల దగ్గర టిల్లెట్ పెన్సిల్ చెక్కుకుంటున్నాడు. రికార్డు ఆఫీసు చదువుల గదిలో సిరాపెన్ను తీస్తే బయటికి నడవమంటారు. ఆరువందల ఏళ్ళ నాటి తోలుకాగితం మీద ఒక్క చుక్క పడితే కడిగే నాథుడు లేడు. అందుకని ముప్ఫై తొమ్మిదేళ్ళుగా అతని జేబులో పెన్సిలే తప్ప పెన్ను ఉండదు. డాక్టరు ముందుకు తోసిన కాగితం మీదా, లైబ్రరీ చీటీ మీదా దానితోనే గీకేస్తాడు. చెక్కిన పొట్టు బల్ల మీద పడనివ్వడు. అరచేతిలో పట్టి కోటు కుడిజేబులో వేసుకుంటాడు. సాయంత్రం ఇంటికెళ్ళాక ఆ జేబు దులపడం మాత్రం ఏనాడూ గుర్తుండదు.

అరవై ఆరేళ్ళ మనిషి. కుడిభుజం ఎడమదానికంటే కిందికి జారింది. మధ్యవేలి మీద పెన్సిల్ ఒరుసుకుని కాయ కాచింది. గదిలో పొయ్యి పేరుకే ఉంది గనక వేళ్ళ కొసలు కత్తిరించిన ఉన్ని తొడుగులు వేసుకుంటాడు. నెల్లాళ్ళుగా ఎడమచెయ్యి మోచేతి దాకా లాగుతోంది. మెట్లెక్కొద్దని డాక్టరు చెప్పాడు. చదువుల గది మూడో అంతస్తులో ఉందని టిల్లెట్ ఆయనకు చెప్పలేదు.

"ఏం టిల్లెట్ గారూ, ఇవాళ ఏ శవాన్ని లేపమంటారు?" పెట్టెలు మోసే స్పింక్ బల్లకు ఆనుకుని అడిగాడు.

"రావెన్‌బీ వాళ్ళనే."

"ఇంకా వాళ్ళేనా? వాళ్ళు చచ్చిన దానికంటే మీరు వెతికిందే ఎక్కువయింది."

"ఇవాళ్టితో అయిపోతుందిలే స్పింక్. వాళ్ళ పాత వకీలు అటక మీంచి కొత్తగా వచ్చిన పెట్టె ఇప్పించు. ఊరికే ఓసారి చూసి సంతకం పెట్టేస్తాను."

ఎవరి తాత ఎవరో తేల్చడం టిల్లెట్ పని. ఉత్తరాలు రాసి అడిగేవాళ్ళకు వెతికి పెడతాడు. అందరిలోకీ పాత ఖాతా మిస్ రావెన్‌బీ. ముప్ఫై ఒక్కేళ్ళుగా ప్రతి గురువారం నాలుగింటి బస్సెక్కి, ఆవిడ ఇంటి పక్కగుమ్మంలోంచి వెళ్ళి, ఆ వారం దొరికింది చదివి వినిపించి, నిలబడే జీలకర్ర కేకు ముక్క తిని వస్తాడు. వంటింటి వాళ్ళు అతన్ని గురువారం మనిషి అంటారు. పేరు పెట్టి పిలిచే అవసరం వాళ్ళకి రాలేదు.

ఇప్పుడావిడ మంచం పట్టింది. ఎనభై నాలుగేళ్ళు, ఆ వంశంలో ఆఖరి మనిషి. ఆవిడ కోరిక ఒక్కటే. ఊరి చర్చిలో రావెన్‌బీ వారి చిన్న మందిరం ఉంది. అందులో ఆవిడ తమ్ముడు హ్యూ పేరు చెక్కిన రాతిపలక ఉంది. హ్యూ ఫ్రాన్సు యుద్ధంలో పోయాడు, ఒళ్ళు దొరకలేదు. ఆ పలక కింద తనను పూడ్చాలి. కానీ చర్చి లోపల పూడ్చడం ఎప్పుడో మానేశారు. మందిరం కట్టించిన సర్ థామస్ రావెన్‌బీ కడుపున పుట్టిన సంతతికి మాత్రమే, పాత దానపత్రం ప్రకారం, ఇంకా హక్కుంది. ఆవిడ ఆ సంతతేనని వంశం వెతికినవాడు సంతకం పెట్టి ఇస్తే చాలునని బిషప్పు కచేరీ రాసింది. అది రేపటి టపాలో వెళ్ళాలి.

స్పింక్ పెట్టె తెచ్చాడు. పైకట్టలన్నీ పొలాల తగాదాలే. అడుగున అరచెయ్యంత వెడల్పు తోలుచుట్ట ఒకటి కనిపించింది. టిల్లెట్ రెండు కొసల మీదా సీసపు దిమ్మలు పెట్టి విప్పాడు. థామస్ రావెన్‌బీ వయసు సాక్ష్యం. ఆ రోజుల్లో పుట్టిన తేదీ రాసిపెట్టే పుస్తకం లేదు. తండ్రి పోయిన కుర్రవాడు ఇరవై ఒకటి నిండి భూమి చేతికి తీసుకోవాలంటే, ఊళ్ళో పన్నెండు మంది వచ్చి వాడు ఫలానా రోజు పుట్టాడని ప్రమాణం చెయ్యాలి. మీకెలా గుర్తని అడిగితే ఒక్కొక్కడూ ఒక్కో గుర్తు చెప్పాలి. టిల్లెట్‌కి ఇవంటే ప్రాణం. ఇప్పటిదాకా ఒక్కణ్ణీ వదలకుండా చదివాడు.

ఇల్లుకప్పే వాల్టర్, వయసు యాభై: ఆ రోజే నిచ్చెన మీంచి పడి కాలు విరిగింది, అందుకు గుర్తు. పీపాలు చేసే ఆడమ్, వయసు అరవై: ఆ రోజే తన కూతురు జోన్‌ను పాతిపెట్టి చర్చి గుమ్మంలోంచి బయటికి వస్తుంటే, దొరగారి బిడ్డను జ్ఞానస్నానానికి లోపలికి తీసుకుపోయారు, అందుకు గుర్తు.

టిల్లెట్ అక్కడ పెన్సిల్ ఆపాడు. ఆడమ్ సంగతి గాని, జోన్ సంగతి గాని లోకానికి తెలిసింది ఆ ఒక్క ముక్కే. అదీ దొరబిడ్డ వయసు తేలడానికి పనికొచ్చింది గనక. అతనికి తన భార్య ఎల్సీ గుర్తొచ్చింది. పందొమ్మిది వందల ఇరవై రెండు మార్చి, గురువారం. పొద్దున ఎల్సీనీ, రోజు నిండని పిల్లనీ ఒకే పెట్టెలో పెట్టి పూడ్చి, ఏం చెయ్యాలో తోచక నాలుగింటి బస్సెక్కాడు. మిస్ రావెన్‌బీ గడియారం చూసి, ఇరవై నిమిషాలు ఆలస్యమంది. అతను క్షమించమన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఆ రోజే పట్టుకెళ్ళాడు ఆవిడ వంశం సర్ థామస్ దాకా కలిసిందన్న వార్త. ఆవిడ నవ్వడం అతను చూసింది అదొక్కసారే.

మళ్ళీ పెన్సిల్ కదిపాడు. తొమ్మిదోవాడి దగ్గర అది మళ్ళీ ఆగింది. గంట కొట్టే రోజర్, వయసు యాభై రెండు: ఈ థామస్ పుట్టిన మరుసటేడు ఇతనికి తమ్ముడు పుట్టాడు, జ్ఞానతండ్రి మళ్ళీ ఆ ఊరి మఠాధిపతి థామసే అయినందున ఆ బిడ్డకూ థామస్ అనే పేరు పెట్టారు, ఇద్దరూ బతికే ఉన్నారు, ఊరంతా నవ్వుకున్నారు, అందుకు గుర్తు.

బిడ్డకు పేరు పెట్టేది తండ్రి కాదు, జ్ఞానస్నానం వేళ బిడ్డను ఎత్తుకునే జ్ఞానతండ్రి. ఒకే ఇంట ఒకే పేరుతో ఇద్దరు కొడుకులు ఆ కాలంలో మామూలే. ఈ పనిలో ఉన్నవాడు నేర్చుకునే మొదటి పాఠాల్లో అదొకటి. ఎల్సీ పోయిన వారమే టిల్లెట్ ఈ ఇద్దరి తండ్రి వీలునామా చూశాడు. అందులో 'నా కొడుకు థామస్‌కు' అని రెండుసార్లు ఉంది. రాతగాడు నిద్రమత్తులో ఒకే ముక్క రెండుసార్లు రాశాడనుకున్నాడు. ఇద్దర్నీ ఒకణ్ణి చేసి ఒక్క గీత గీశాడు. మందిరం కట్టించిన సర్ థామస్ అన్న. పిల్లల ఊసున్న రాతలన్నీ తమ్ముడివే, అన్నకు పిల్లలు లేరు. మిస్ రావెన్‌బీ తమ్ముడి సంతతి, ఉన్నిబేరం చేసుకు బతికినవాడి సంతతి.

ఆ తర్వాత ముప్ఫై ఒక్కేళ్ళలో వెతికిందంతా ఆ గీతకు వేలాడుతోంది. టిల్లెట్ చుట్టను మూడుసార్లు చదివాడు. మూడుసార్లూ రోజర్ అదే మాట చెప్పాడు. కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుని, ఏ దిక్కూ కనపడక, నాలుగింటి బస్సు కోసం మెట్లు దిగాడు.

ముసలి పనిమనిషి మిసెస్ డాక్ ఆ రోజు అతన్ని ముందుగుమ్మంలోంచే లోపలికి రమ్మంది. "పక్కదారి బురదగా ఉంది టిల్లెట్ గారూ. అమ్మగారు పొద్దుట్నుంచీ మీ గురించే. వారం దాటదన్నాడు డాక్టరు."

పడకగదిలో మంచం పక్కన కుర్చీ వేసి ఉంది. చిన్న బల్ల మీద కచేరీ కాగితం, రాసిన కవరు సిద్ధంగా ఉన్నాయి.

"కూర్చో టిల్లెట్. నిలబడి చెప్పే వార్త కాదని నీ మొహమే చెబుతోంది."

ఆ ఇంట్లో అతను కూర్చోవడం అదే మొదలు. కూర్చుని, ఏదీ దాచకుండా, పేర్లతో సహా చెప్పాడు. ఆవిడ కళ్ళు మూసుకుని వింది. పొరలు కమ్మి ఆ కళ్ళకు ఎటూ వెలుగూ నీడా తప్ప ఇంకేమీ ఆనదు.

"అయితే నేను ఉన్నిబేరగాడి మనవరాలినన్నమాట."

"అవునండి. మంచి బేరగాడేనండి ఆయన."

"ముప్ఫై ఒక్కేళ్ళు నా కేకు తిన్నావు. ఒక్క గీత సరిగ్గా గీయలేకపోయావా?"

"లేకపోయానండి."

"ఆ చుట్ట ఇంకెవరు చూశారు?" అంది.

"పెట్టె స్పింక్ మోశాడండి. అతనికి చదవడం రాదు ఆ రాత."

"మరింక ఎవరు చదివారు?"

"నేను చదివానండి."

ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుంది. "వాడి ఒళ్ళు కూడా దొరకలేదు నాకు. ఉన్నది ఆ పలకే. దాని కింద ఇంత చోటడిగాను. ఇంతకాలం బతికి ఇంకేమీ అడగలేదు ఎవర్నీ." బతిమాలడం ఆవిడకు చేతకాదు. ఆ మాట తర్వాత ఒక చేత్తో దుప్పటి అంచు మడతలు పెట్టడం మొదలెట్టింది.

టిల్లెట్ ఆ చేతిని చూశాడు. తను చూడని మాటను చూశానని అతను ఏనాడూ రాయలేదు. అతనికంటూ మిగిలిన మంచిపేరు అదొక్కటే. ఎల్సీని పూడ్చిన చోట పలక లేదు. ఇప్పుడు వెతికినా ఆ చోటు కనుక్కోలేడు. అలవాటుగా జేబులో ఉన్నది తీసి, 'ఇది నిజమని నేనెరుగుదును' అన్న వాక్యం కింద పేరు రాశాడు.

"అయిందండి."

"థాంక్యూ, మిస్టర్ టిల్లెట్," అంది ఆవిడ. మిస్టర్ అనడం కూడా అదే మొదలు. కాగితం అందుకోవడానికి వచ్చిన మిసెస్ డాక్ కళ్ళజోడు వంటింట్లో ఉంది. రాతలోకి చూడకుండానే ఆమె కాగితాన్ని మడిచి కవర్లో పెట్టి, నాలుకతో తడిపి అంటించేసింది. పొద్దున ఏడింటికి టపావాడు వస్తాడు.

తిరుగు బస్సులో టిల్లెట్ ఏడవలేదు గాని, ఏడిస్తే బాగుండుననిపించింది. కండక్టరు ఇచ్చిన టిక్కెట్టు వెనక తేదీ రాసుకోవడం అలవాటు. కుడిజేబులో చెయ్యి పెట్టాడు. వేళ్ళకు చెక్కిన పొట్టు తగిలింది, పెన్సిల్ తగల్లేదు. ఆవిడ మంచం మీద మరిచిపోయాననుకున్నాడు. ఆ వెంటనే అసలు సంగతి తట్టింది. కచేరీలో పెన్సిల్ సంతకం చెల్లదు. రబ్బరుతో తుడిస్తే పోయేదాన్ని ఎవరూ ఒప్పుకోరు. ఉన్న ఒక్క నిజాయితీనీ ఇచ్చేశాడు, అదీ దేనికీ పనికిరాకుండా.

"ఆపండి, నేను దిగాలి."

"ఇక్కడ ఇళ్ళేమీ లేవు తాతా, వానొకటి."

"దిగాలి బాబూ. ఓ పెన్ను ఉంటే ఇస్తావా?"

కండక్టరు వింతగా చూసి తన పెన్ను ఇచ్చాడు. రెండు మైళ్ళు వెనక్కి నడవాలి. మొదటి మైలు బాగానే నడిచాడు. ఎడమచెయ్యి లాగడం భుజం దాకా వచ్చాక, రోడ్డు పక్కన పాలక్యాన్లు పెట్టే చెక్క అరుగు కనపడితే, ఒక్క నిమిషమే అనుకుని కూర్చున్నాడు. తెల్లారి క్యాన్ల కోసం వచ్చిన లారీవాడు చూసేసరికి, పెన్ను గుప్పిట్లో పట్టుకుని అలాగే కూర్చుని ఉన్నాడు.

కచేరీ నుంచి కాగితం తిరిగొచ్చింది. సిరాతో సంతకం చేయించి పంపమన్నారు. చేసేవాడు లేడు. ఇంకొకరి చేత వెతికిస్తే వాళ్ళూ ఆ పెట్టె తెరుస్తారు. మిస్ రావెన్‌బీ వద్దంది. డాక్టరు మాటకు ఎదురుగా నెల్లాళ్ళు బతికి, డిసెంబరు రెండో వారంలో పోయింది. ఊరి చర్చి ఆవరణలో చోటు లేక, పన్నెండు మైళ్ళ దూరాన, పట్నపు శ్మశానంలో, ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్య పూడ్చారు.

ఫైలు మూసేయడానికి కచేరీ గుమాస్తా వచ్చాడు. ఆ కాగితం ఏ తేదీన రాశారని అడిగాడు.

"తేదీ నాకెలా తెలుస్తుంది బాబూ," అంది మిసెస్ డాక్. "ఆ రోజు బాగా గుర్తు మాత్రం ఉంది. పాలజగ్గు పిడి విరగ్గొట్టాను. ఆ సాయంత్రమే మా గురువారం మనిషి పాలక్యాన్ల అరుగు మీద కూర్చుని పోయాడు."

గుమాస్తా అది రాసుకుని వెళ్ళిపోయాడు. ఆవిడ పైకెళ్ళి పరుపు ఎండకు వెయ్యడానికి ఎత్తింది. మంచం పట్టెకూ గోడకూ మధ్య బొటనవేలంత పెన్సిల్ ముక్క ఉంది, కొస నమిలి, మొన ఇంకా పదునుగా.