సీటు వెనక రేకు

పొద్దున తొమ్మిదింటికే ఓదెలు తల ఆ పెద్ద అమెరికా కారు డిక్కీలో ఉంది. కాళ్ళు మాత్రం షేక్‌పేట మట్టిలో ఉన్నాయి. షెడ్డు ముందు నుంచి వెళ్ళేవాళ్ళకు ఏళ్ళ తరబడి ఆయన కనిపించింది ఇంతే, మోకాళ్ళ దాకా మడిచిన ఖాకీ పంట్లాం, రెండు సన్నటి కాళ్ళు. ఫిల్మ్ నగర్‌లో సగం కార్ల సొట్టలు తీసిన మనిషి ముఖం ఆ కార్లవాళ్ళలో ఒక్కరికీ గుర్తుండదు.

ఈ కారు శేషారత్నం గారిది. సినిమాల్లో తల్లి వేషాలు వేస్తుంది. మద్రాసు నుంచి మకాం మార్చినప్పుడు సామానంతా లారీలో పంపి, తను మాత్రం ఈ కారులోనే వచ్చింది. షూటింగులకు కారు ఇస్తుంది గానీ వెనక సీటులో ఇంకొకరిని కూర్చోనివ్వదు. కారు కావాలంటే వేషం కూడా ఆవిడకే ఇవ్వాలి. మర్నాడు అలాంటి షూటింగే ఉంది. ఆవిడ వెనక సీటులో ఏడుస్తూ వెళ్తుంటే ఒక జీపు వచ్చి వెనక నుంచి గుద్దాలి. తగిలీ తగలనట్టే గుద్దిస్తామని దర్శకుడు మాట ఇచ్చాడట. ఆలోగా డిక్కీ పక్కనున్న పాత సొట్ట తీయించాలని ఆవిడే వెంట వచ్చింది.

సొట్టను లోపలి నుంచి కొట్టాలని ఓదెలు సీటు వీపు ఊడదీశాడు. దాని వెనక రేకు లేదు. నల్ల గుడ్డ అంటించిన అట్ట ఉంది. అట్టకు అవతల డిక్కీ, డిక్కీ అడుగున పెట్రోలు ట్యాంకు.

"అమ్మా, జర ఇటు రాండ్రి" అని పిలిచి, అట్టను వేలితో పొడిచాడు. వేలు అవతలికి పోయింది. "మీ ఈపుకు, పెట్రోలుకు నడుమ గిదొక్కటే ఉన్నది. ఎన్కకెళ్లి గుద్దితె ట్యాంకు పగుల్తది. మంట సీదా మీ మీదికే వస్తది."

"అట్టా? అంత కారు చేసినవాడికి ఆ మాత్రం తెలియదా, ఓదెలూ?"

"ఆయనకేం ఎర్కనో నాకు తెల్వదు. రేపు గాడ కూసునేది మీరు."

"రేపు ఏడింటికి కారు ఉండాలయ్యా."

"పొద్దుగూకె వరకు అయితది. రేకు పడకుంట మాత్రం నేను బండి ఇయ్య."

యజమానులకు ఎదురు చెప్పడం ఓదెలుకు అలవాటు లేదు. మాట అనేసి తనే గాభరాపడి మళ్ళీ తల డిక్కీలో పెట్టేశాడు. శేషారత్నానికి కోపం రావాల్సింది. ఎందుకో రాలేదు. స్టూలు లాక్కుని నీడలో కూర్చుంది.

ఒకప్పుడు ఓదెలూ అలాంటి అట్టలే కోసి అతికించాడు. ఉస్తాదు నేర్పింది అదే. తను అట్ట వేసిన వెంగళరావు నగర్ కారొకటి కాలి మసిబొగ్గైతే, దాన్ని తాడుతో లాక్కొచ్చినప్పుడు వెనక సీటు చూశాడు. ఆ తర్వాత పాత కారు ఏది వచ్చినా, అడిగినా అడగకపోయినా, సీటు వెనక రేకు వేస్తూ వచ్చాడు. మీద గుడ్డ కప్పేస్తే ఎవరికీ తెలిసేది కాదు. చేసిన మేలు చెప్పుకోకుండా ఎలా ఉండగలడో గానీ, అలాంటి మనిషికి చేతులెత్తి దండం పెట్టాలి.

ముందు పెట్రోలు తోడి, ట్యాంకు విప్పి, దూరంగా గోడవతల పెట్టించాడు. ఒక సినిమా పోస్టరు వెనక్కి తిప్పి ఖాళీ మేర కొలత గీసుకున్నాడు. హీరో నడుం మీదుగా కత్తెర పోయింది. ఆ కొలతకు దళసరి రేకు కోసి, అంచులు మడిచి, రివిట్లు కొట్టాడు. చాలామంది మరిచిపోయే చోటు వెనక అద్దం కింది పలక. దాని కింద కూడా రేకు వేశాడు. సందులన్నిట్లో మంటకు కరగని లప్పం కూరాడు. మధ్యాహ్నం భార్య నీలమ్మ తెచ్చిన రొట్టె సగమే తిని, "ఆకలైతలేదు" అని లేచాడు.

నాలుగున్నరకు పరీక్ష మొదలైంది. కారు మీద టార్పాలిన్ కప్పి, ఓదెలు వెనక సీటులో రేకు వైపు తిరిగి కూర్చున్నాడు. నీలమ్మ డిక్కీలో వైరు బల్బు పట్టుకుని సందుల వెంట జరుపుతుంది. చీకట్లో వెలుతురు చుక్క కనిపిస్తే చిల్లు ఉన్నట్టు. అప్పుడు ఓదెలు రేకు మీద రెండుసార్లు కొడతాడు. బాగుంటే ఒక్కసారి కొడతాడు, ఆమె ముందుకు జరుపుతుంది. పాతికేళ్ళుగా మొగుడూ పెళ్ళాలకు ఈ పనిలో మాటల అవసరం పడలేదు.

ఠక్. ఠక్. ఒక్కో దెబ్బకూ బల్బు ఒక్కో చోటు దాటింది. రెండు చోట్ల జంట దెబ్బలు వినిపించాయి, లోపల లప్పం పడింది. కుడి కింది మూలకు వచ్చాక దెబ్బ వినపడలేదు. నీలమ్మ ఆగింది. చెయ్యి లాగుతుంటే బల్బును రెండో చేతికి మార్చుకుంది గానీ చోటు మార్చలేదు.

"ఏంది, నిద్రవట్టిందా?" అంది.

శేషారత్నం లేచి టార్పాలిన్ ఎత్తింది. ఓదెలు రేకుకు నుదురు ఆనించి ఉన్నాడు. భుజం పట్టి కదిపితే ఒరిగిపోయాడు. తెర మీద ఎందరి చావుకో గుండెలు బాదుకున్న ఆవిడ టార్పాలిన్ వదిలేసి, వెళ్ళి నీలమ్మ భుజం పట్టుకుంది.

ఏనాడూ కాల్షీటు తప్పని మనిషి ఆ షూటింగు ఆపించింది. సినిమా కంపెనీవాళ్ళు వచ్చి బతిమాలారు, కోప్పడ్డారు. "ఆ మూల ఇంకా చూడలేదు. చూడందే నేను ఎక్కను" అంది.

దినాలు అయిన మర్నాడు నీలమ్మే వచ్చింది. "ఆ పని సగంల ఉంటె ఆయనకు సైసదమ్మా" అని టార్పాలిన్ కిందికి దూరింది. డిక్కీ దగ్గర బల్బు పట్టుకున్నది శేషారత్నం. కుడి మూలకు రాగానే లోపలి నుంచి రెండు దెబ్బలు వినపడ్డాయి.

"ఉన్నదమ్మా. ఆవగింజంత."

నీలమ్మ బొటనవేలితో లప్పం నొక్కింది. శేషారత్నం బల్బు కదపకుండా నిలబడింది. కాసేపటికి ఒక్క దెబ్బ వినిపించింది. ఆవిడ అక్కడే, డిక్కీ అంచు పట్టుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది.

ట్యాంకు బిగించి, సీటు వీపు పెట్టించి, మర్నాడు ఏడింటికి కారు షూటింగుకు బయలుదేరింది. డ్రైవరు వచ్చి వెనక సీటు దులపబోతే శేషారత్నం వద్దని, ఒక పక్కకు ఒదిగి కూర్చుంది. రెండో పక్కన, యజమాని సీటుకు తన మసి అంటకూడదని ఓదెలు కింద పరుచుకున్న తువ్వాలు ఆయన కూర్చున్న ముడతలతోనే ఉంది.