నక్క ఎరకు నా ముక్కే సాక్షి

మా సెయింట్ జాన్ లోయలో నక్కల్ని పట్టేవాళ్ళందరికీ నా ముక్కంటే గురి. వేట మొదలయ్యే ముందు శనివారం ఎవరి ఎర మందు సీసా వాళ్ళు పట్టుకుని మా షెడ్డుకు వస్తారు. నేను ఒక్కో మూత తీసి, పుల్ల ముంచి, ముక్కు కింద ఆడించి, కళ్ళు సగం మూసి తీర్పు చెబుతాను. "అయింది" అంటే ఉచ్చుల దగ్గర పూసుకోవచ్చు. "ఇంకా వారం" అంటే సీసాని మళ్ళీ మట్టిలో పాతిపెట్టాలి. చర్చి ఫాదర్ మాట కాదన్నవాళ్ళున్నారు గానీ నా మాట కాదన్నవాడు లేడు.

ఇబ్బంది ఒక్కటే. నాకు వాసన తెలియదు.

ఒకప్పుడు తెలిసేది. ఎర మందులో కలిపేవి ఇవీ: బీవర్ అనే నీటి జంతువు గ్రంథులు ఎండబెట్టిన పొడి, వేసవంతా మూత వదులు చేసి ఎండలో పెట్టిన చేపల నూనె, చలికి గడ్డకట్టకుండా గ్లిజరిన్, చివర్లో కంపు చిమ్మే స్కంక్ అనే జంతువు తోక కింది తిత్తిలోంచి సిరంజితో లాగిన నాలుగు చుక్కలు. ఆ చుక్కల కంపే గాలివాటున పోయి ఎక్కడో ఉన్న నక్కని పిలుచుకొస్తుంది. ఓ ఏడు నా తొందరలో సూది తిత్తికి అవతలి పక్క తేలింది. లోపలున్నదంతా నా మీదే పడింది. ఆనాటి నుంచి నాకు కాఫీకీ కిరసనాయిలుకీ తేడా తెలియదు.

ఈ సంగతి పైకి చెబితే లోయలో నాకు మిగిలేదేముంది? ఫిడేలు రాదు, పేకాట రాదు, బంగాళాదుంపలు వేస్తే మా ఇంటికే చాలవు. నా పేరు ఒనెజిమ్. ఊళ్ళో ఒనెజిమ్ అంటే ముక్కు, అంతే. అది కాస్తా పోయిందని తెలిస్తే నన్నెవరూ పలకరించరని భయం.

అందుకని నా భార్య జెర్మెయిన్‌ని వాడుకునేవాణ్ణి. షెడ్డుకీ వంటింటికీ మధ్య తలుపు తీసే ఉంటుంది. వచ్చినవాళ్ళకి ఆమె ప్లోయ్ అట్లు వేస్తూంటుంది. సీసాని వెలుతురులో చూస్తున్నట్టు గుమ్మం వైపు ఎత్తి, ఆమె ముఖం చూసేవాణ్ణి. మూతి ముడిస్తే ఇంకా వారం. ఏప్రాన్ నోటికి అడ్డం పెట్టుకుని వసారాలోకి పోయిందంటే అయినట్టే. ఇంత తెలివి నాకొక్కడికే ఉందని లోలోపల మురిసిపోయేవాణ్ణి కూడా.

ఈ ఏడు అందరి సీసాలూ అయ్యాక, చివర్న మా బావమరిది ఫెర్నాండ్ ఓ నల్ల సీసా నా చేతిలో పెట్టాడు.

"ఇది చూసి చెప్పు బావా. ఈసారి చెయ్యి తిరిగినట్టే ఉంది నాకు."

గుమ్మం వైపు ఎత్తాను. జెర్మెయిన్ అట్లకాడ పక్కన పెట్టింది. ఏప్రాన్ నోటికి అడ్డం పెట్టుకుంది. వసారాలోకి వెళ్ళిపోయింది.

"అయింది," అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. నోటి దురద ఊరుకోనివ్వదు కదా. "కాకపోతే స్కంక్ ఓ చుక్క ఎక్కువైంది ఫెర్నాండ్. మీ నాన్నదీ ఇదే ధారాళం. చేప మాత్రం బాగా మగ్గింది."

ఫెర్నాండ్ సీసా తీసుకుని గటగటా సగం తాగేశాడు.

"చల్లారిన టీ బావా. పొద్దున మా ఇంట్లో మిగిలింది."

షెడ్డు రేకులు ఎగిరిపోయేలా నవ్వారు. ముసలి తెయోఫిల్ అయితే గోడ పట్టుకుని దగ్గుతూ నవ్వాడు.

"మొన్న విరిగిన పాలు పోసిన కాఫీ మెచ్చుకుంటూ తాగావు. అప్పుడే అనుమానమొచ్చింది నాకు," అన్నాడు ఫెర్నాండ్. తర్వాత వసారా వైపు చూసి తల గోక్కున్నాడు. "నీ సంగతి సరే. టీ చూసి మా అక్కెందుకు పారిపోయిందంటావు?"

వచ్చే ఏడు నుంచి వాసన చూసే పని ఫెర్నాండ్‌దని నా ఎదురుగానే, నన్నడక్కుండానే తేల్చేసుకున్నారు. అట్లు తిని, సీసాలు పట్టుకుని వెళ్ళిపోయారు.

నేను వసారాలోకి వెళ్ళి జెర్మెయిన్ పక్కన కూలబడ్డాను.

"టీ అట."

"విన్నాను."

"మరి నీకేం కంపు కొట్టింది?"

"ఏమీ కొట్టలేదు. నాకు వాసన తెలిసి ఎన్నాళ్ళయిందో."

"మరి ఆ మూతి ముడవడం?"

"సీసా ఎత్తి నన్నే చూస్తావు, అన్నం దగ్గర కుక్క చూసినట్టు. ఏదో ఒకటి చెయ్యకపోతే చిన్నబుచ్చుకుంటావని ముడిచేదాన్ని."

"వసారాలోకి ఎప్పుడు రావాలో ఎలా తెలిసేది?"

"గిన్నెలో పిండి అయిపోయినప్పుడల్లా వచ్చేదాన్ని. అంతసేపు నిలబడితే నడుం లాగెయ్యదూ?"

అంటే ఇన్నేళ్ళూ పిండి అయ్యేలోపు వచ్చిన సీసాలు మట్టిలోకి, అయిన వేళకి వచ్చినవి ఉచ్చుల దగ్గరికి వెళ్ళాయన్నమాట. రెండిటికీ నక్కలు పడ్డాయి. వాటికి నా తీర్పుతో పనే లేకపోయింది.

"ఎప్పట్నుంచి?" అని అడిగాను.

"ఆ స్కంక్ నీ మీద పడినరోజు. చర్చి నుంచొచ్చి బట్టలైనా మార్చకుండా సిరంజి పట్టావుగా. ఆ చొక్కా నేను వెనిగర్‌తో, టమాటా రసంతో, బూడిదతో, చేతులు పుండ్లయ్యేలా ఉతికాను. ఆ సాయంత్రానికే నా ముక్కూ పోయింది."

"పారెయ్యకపోయావా?"

"పెళ్ళి చొక్కాని ఎవరైనా పారేస్తారా?"

నా ముక్కు పోయిందని లోయంతటికీ దాచడంలో మునిగిపోయి, నా పక్కనే ఈమె ముక్కు కూడా పోయిందని గమనించనే లేదు. సిగ్గేసింది.

"నాతో చెప్పొచ్చుగా," అన్నాను.

"నువ్వు చెప్పావేంటి?"

ఇంతలో ఇంకో అనుమానం వచ్చింది. "ఇంతకీ ఆ చొక్కాకి కంపు పోయిందా?"

"నాకేం తెలుసయ్యా," అంది.

ఆ చొక్కానే ప్రతి ఆదివారం చర్చికి తొడుక్కెళతాను. మా బెంచీలో మేమిద్దరమే. ముందు బెంచీ ఖాళీ, వెనక బెంచీ ఖాళీ. పేరున్నవాణ్ణని మర్యాదగా చోటిస్తున్నారనుకుని, అటూ ఇటూ అందరికీ తలాడిస్తూ నడిచేవాణ్ణి.

మర్నాడు ఆదివారం. జెర్మెయిన్ బీరువాలోంచి ఆ చొక్కానే తీసి, గుండీలు సరిచూసి చేతికిచ్చింది. ఇద్దరం ఓసారి మొహాలు చూసుకున్నాం. తొడుక్కున్నాను. ఎవరికీ తలాడించకుండా, ఆమె చెయ్యి పట్టుకుని, మా ఖాళీ బెంచీల మధ్యకి నడిచాను.